రూము ఖాళీ చేయమన్నారా? ముల్లె సర్దే ముందు కాగితం అడగండి

క్యాంపస్ డ్రైవ్‌లో ఆఫర్ లెటర్ చేతికొస్తే మనం మొదట చూసేది జీతం. తర్వాత బాండ్ ఉందా లేదా. ఆ తర్వాత నోటీస్ పీరియడ్. 60 రోజులా, 90 రోజులా, మధ్యలో మానేస్తే మనం ఎంత కట్టాలి, కంపెనీయే తీసేస్తే మనకేమిస్తుంది అని సీనియర్లకు ఫోన్లు చేసి మరీ కనుక్కుంటాం. అదే మనం, ఏడాదో రెండేళ్లో ఉండబోయే రూము తీసుకునేటప్పుడు అడిగేవి మూడే. బాడుగెంత, అడ్వాన్సెంత, నీళ్లొస్తాయా. "ఖాళీ చేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్తారన్నా?" అని ఇంటాయన్ని అడిగినవాళ్లు మీ స్నేహితుల్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. లెక్కకు ఒక చేతి వేళ్లు చాలు.

ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. జమ్మలమడుగు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కాలేజీకని, కోచింగ్‌కని, చిన్న ఉద్యోగానికని వచ్చి రూము తీసుకునేవాళ్లు బోలెడుమంది. మిద్దె మీద ఒక గది, ముగ్గురు పంచుకునే బాడుగ, ఒక గ్యాస్ స్టవ్, గోడకు ఒక టైంటేబుల్. చాలామందికి ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా చేసుకునే మొదటి లావాదేవీ ఇదే. దానికి ఒక్క కాగితం ఉండదు. అంతా నోటి మాటే.

ఆ నోటి మాట మీదే ఒక సాయంత్రం ఇంటాయన మిద్దెక్కి వస్తాడు. "ఏమనుకోవద్దప్పా, ఈ నెలాఖరికి రూము ఖాళీ చేయాల" అంటాడు. కూతురు కాన్పుకొస్తోందనో, ఇల్లు అమ్మేస్తున్నామనో, సున్నం కొట్టించాలనో ఒక కారణం చెప్తాడు. ఒక్కోసారి కారణమూ చెప్పడు. మనం "సరే అన్నా" అని తలూపి, ఆ రాత్రి నుంచే రూముల వేటలో పడతాం.

ఆ తలూపడం గురించే ఈ వ్యాసం. ఖాళీ చేయమని అడిగే హక్కు ఇంటి యజమానికి ఉంది. మీరు పోనంటే మిమ్మల్ని బయటికి పంపించే అధికారం మాత్రం కోర్టుకే ఉంది. అడిగిన రోజుకూ, పంపించే రోజుకూ మధ్య చట్టం మీకు కొంత గడువు ఇచ్చింది. ఆ గడువు ఉందని తెలియక మనం ఉత్తపుణ్యానికి వదిలేసుకుంటున్నాం. నేను లాయర్ని కాను. ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ మీద బ్లాగు రాసుకునేవాణ్ణి. యాప్ ఏ పర్మిషన్లు అడుగుతోందో చూడకుండా బటన్ నొక్కొద్దని రాస్తుంటాను. రూము విషయంలోనూ చెప్పేది అదే.

పోయేది గది ఒక్కటే కాదు

"రూమే కదా, ఇంకోటి చూసుకుంటే పోలా" అనిపించొచ్చు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అది అంత తేలిక కాదు. పరీక్షకు పది రోజుల ముందు రూము మారితే ఆ పది రోజుల్లో నాలుగు రోజులు చదువు ఉండదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న వారంలో మారితే వైఫై ఉండదు. పాత చోట అడ్వాన్స్ చేతికి రాకముందే కొత్త చోట అడ్వాన్స్ కట్టాలి. ఇంట్లో ఎన్నిసార్లని అడుగుతారు?

అడ్రస్ సంగతి ఇంకా ముఖ్యం. ఈ మధ్య చాలా కంపెనీలు చేరే ముందో, చేరిన కొత్తలోనో అడ్రస్ వెరిఫికేషన్ చేస్తున్నాయి. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే ఇచ్చిన అడ్రస్ మీదే పోలీసు విచారణ జరుగుతుంది. ఎవరైనా వచ్చి ఇంటాయన్ని అడిగినప్పుడు "వాళ్లు ఖాళీ చేసి పోయినారే" అంటే, ఆ ఒక్క మాటతో మీ ఫైలు పక్కకు పోవచ్చు. అందుకే ఈ సంగతి కెరీర్ పేజీలో రాస్తున్నాను. రిజ్యూమె ఎంత జాగ్రత్తగా రాసుకుంటామో, రూము కాగితం కూడా అంతే జాగ్రత్తగా రాసుకోవాలి.

చట్టం అసలేమంటోంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ మన ఇళ్ల అద్దెలకు పునాది. అందులో సెక్షన్ 106 ఒక సాదా లెక్క చెప్తుంది. ఉండటానికి తీసుకున్న ఇంటికి వేరే ఒప్పందమేదీ లేకపోతే, దాన్ని నెలనెలా సాగే అద్దెగా చూస్తారు. దాన్ని ముగించాలంటే యజమాని అయినా, మీరైనా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. మీకు అందిన రోజు నుంచి 15 రోజులు లెక్కపెట్టాలి. మెట్ల మీద నిలబడి చెప్పిన మాట నోటీసు కాదు. గేటు దగ్గర కేకేసి చెప్పిందీ కాదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఈ సెక్షన్ కింద యజమాని కారణం చెప్పాల్సిన అవసరం లేదు. "నాకు కావాలి" అన్నా నోటీసు చెల్లుతుంది. కాబట్టి కాగితమేమీ లేని రూములో మీకు తప్పనిసరిగా దొరికే గడువు 15 రోజులే. తక్కువే. అయినా "రేపు పొద్దున్నే ఖాళీ చేయాల" అనే మాటకూ, 15 రోజులకూ ఎంత తేడా ఉందో పరీక్ష రాసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

సరే, 15 రోజులు అయిపోయాయి. మీకు ఇంకా రూము దొరకలేదు. ఇప్పుడు యజమాని తాళం మార్చొచ్చా? మార్చకూడదు. ఆయన సివిల్ కోర్టులో దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, దాన్ని కోర్టు ద్వారానే అమలు చేయించుకోవాలి. 1989లో కృష్ణా రామ్ మహాలే వర్సెస్ శోభా వెంకట్రావు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక మనిషి ఒక చోట స్థిరంగా ఉంటుంటే, అక్కడ ఉండే హక్కు తనకు లేదనే అనుకున్నా సరే, చట్టం దారిలో తప్ప ఖాళీ చేయించకూడదని ఆ తీర్పు సారాంశం. అది బొంబాయిలో లైసెన్సు మీద నడిచిన ఒక హోటల్ వ్యాపారం గొడవ. సూత్రం మాత్రం మన మిద్దె మీద గదికీ వర్తిస్తుంది.

బలవంతంగా బయటికి గెంటేస్తే? 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ఉంది. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించినవాళ్ల మీద 6 నెలల లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న వాదనలోకి పోకుండానే కోర్టు మీ స్వాధీనాన్ని మీకు తిరిగి ఇప్పించగలదు. గెంటేస్తారేమోనని ముందే భయముంటే, చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకుండా ఇంజంక్షన్ అడగొచ్చు.

ఇంకో మాట. "ఇల్లు అమ్మేసినాం, కొన్నాయన రేపు దిగుతాడు" అంటే మీ అద్దె ఆ క్షణాన రద్దయిపోదు. కొన్న మనిషి పాత యజమాని స్థానంలోకి వస్తాడు, అంతే. హక్కులతో పాటు బాధ్యతలూ ఆయనకు వస్తాయి. నోటీసు ఇవ్వాల్సిన బాధ్యత అందులో ఒకటి.

రెంట్ కంట్రోల్ ఏమైంది?

అద్దె ఇళ్లకు విడిగా చట్టం ఉందని మీ నాన్నో మామో చెప్పే ఉంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం అదే. దాని కింద యజమాని ఊరికే ఖాళీ చేయించడానికి వీల్లేదు. బాడుగ కావాలని ఎగ్గొట్టారనో, వేరేవాళ్లకు తిరిగి బాడుగకిచ్చారనో, ఇల్లు పాడు చేశారనో, తనకే నిజంగా అవసరమనో రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. వినడానికి బాగుంది. కానీ 2005 సవరణతో దానికి ఒక గీత గీశారు. మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదన్నారు.

ఇప్పుడు మన ఊర్లు చూడండి. కడప కార్పొరేషన్. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కార్పొరేషన్లు కావు. అంటే మన గీత 2,000 దగ్గరే. ముగ్గురు కలిసి తీసుకునే ఒక మామూలు గది బాడుగే ఇప్పుడు ఆ గీత దాటేస్తోంది. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరున్న ప్రొద్దుటూరులో 2,000 లోపు ఎన్ని గదులు దొరుకుతాయో మీరే చెప్పండి. "మాకు రెంట్ కంట్రోల్ ఉందిలే" అనే ధీమా కుర్రకారుకు ఏనాడో పోయింది.

2017లో మన రాష్ట్రం నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసింది. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టానికి దగ్గరగా అద్దె చట్టాలు మార్చుకున్న రాష్ట్రాల్లో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌నూ లెక్కపెట్టింది. ఆ మోడల్ చట్టం ఏమంటుందంటే, అద్దెకిచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. నివాసానికైతే రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. నీళ్లు, కరెంటు ఆపి వేధించకూడదు. అయితే గడువు దాటాక కూడా కదలకుండా కూర్చున్న అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, తర్వాత నాలుగు రెట్లు కట్టాలని కూడా అందులోనే ఉంది. రెండు వైపులా పదునున్న కత్తి అది. మీ ఇంటి వయసు, బాడుగ, ఒప్పందం చేసుకున్న తేదీని బట్టి మీకు ఏ చట్టం వర్తిస్తుందో ఒక లాయరు కాగితాలు చూసి చెప్పాలి. ఆ సలహా ఉచితంగా ఎక్కడ దొరుకుతుందో కింద చెప్తాను.

రూమా, హాస్టలా?

మీరు ఉంటున్నది గదా, హాస్టలా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. గది తాళం మీ దగ్గర ఉండి, మీరు రానిస్తేనే ఇంకొకరు లోపలికి రాగలిగితే, అది మామూలుగా లీజు. బెడ్డుకు ఇంత, భోజనంతో కలిపి ఇంత, గదిలోకి వార్డెన్ ఎప్పుడైనా వస్తాడు అంటే అది చాలావరకు లైసెన్సు. 1959లో సుప్రీంకోర్టు అసోసియేటెడ్ హోటల్స్ వర్సెస్ ఆర్.ఎన్. కపూర్ కేసులో ఈ తేడా వివరించింది. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్‌లో క్షౌరశాల నడుపుకున్న గదుల గురించి ఆ వివాదం. కాగితం మీద పేరేం పెట్టుకున్నా, అసలు ఇచ్చిందేమిటన్నదే చూడాలని కోర్టు చెప్పింది.

లైసెన్సులో మీ రక్షణ పల్చన. 15 రోజుల నోటీసు లెక్క అక్కడ వర్తించదు. అయినా అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, లైసెన్సు రద్దు చేసినా మనిషి పోవడానికి, సామాను తీసుకుపోవడానికి తగినంత సమయం ఇవ్వాలి. భోజనం, బెడ్డు, వైఫై కలిపి డబ్బు తీసుకున్న హాస్టల్ మీకు సేవ అమ్మింది. మధ్యలో పంపించేసి మిగిలిన డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఆ నాలుగు రోజులు గుర్తున్నాయా?

హాస్టల్ మాట వచ్చింది కాబట్టి, మన తరం మర్చిపోకూడని ఒక వారం గురించి చెప్పాలి. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. మరుసటి రోజు హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ వైపు చాలా హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. బస్సుల్లేవు, రైళ్లు లేవు, హోటళ్లు లేవు. కోచింగ్ తీసుకునేవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం వరుస కట్టారు. పాసు దొరికినవాళ్లు ఆంధ్రా సరిహద్దు దాకా వచ్చి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. రాయలసీమ పిల్లలూ ఆ కష్టం పడ్డారు. మీ అన్నో అక్కో అందులో ఉండే ఉంటారు, అడగండి.

హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని తెలంగాణ ప్రభుత్వం, పోలీసులు చెప్పారు. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు వచ్చింది. కూలీలను, విద్యార్థులను ఖాళీ చేయమని బలవంతపెట్టే యజమానులపై విపత్తు నిర్వహణ చట్టం కింద చర్య తీసుకుంటామని అందులో స్పష్టంగా ఉంది. మంచి ఉత్తర్వే. కానీ 25న రోడ్డు మీద పడ్డవాళ్లకు అది 29న వచ్చింది.

ఆ నాలుగు రోజుల తేడాలోనే మనం నేర్చుకోవాల్సింది ఉంది. హక్కు మన వైపు ఉన్నా, అది మన దగ్గరికి నడిచి వచ్చేసరికి బ్యాగు సర్దేసి ఉంటాం. ఎన్ని రోజుల నోటీసు, మిగిలిన డబ్బు ఎప్పుడిస్తారు అని చేరిన రోజే రాయించుకున్నవాళ్ల చేతిలో వాదించడానికి కనీసం ఒక కాగితమైనా ఉంటుంది. కష్టం వచ్చిన రోజు కాగితం కోసం వెతికితే దొరకదు.

పదకొండు నెలల అపోహ

"పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు." ఈ మాట చెప్పని బ్రోకరు ఉండడు. దేశంలో చాలా చోట్ల అది నిజం. ఏడాదిలోపు లీజుకు అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన దగ్గర కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, స్థిరాస్తి లీజు పత్రాలన్నిటినీ రిజిస్టర్ చేయాల్సిన వాటిలో చేర్చింది. అంటే స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టి బీరువాలో పెట్టుకున్న పదకొండు నెలల ఒప్పందంలోని షరతుల్ని కోర్టులో పట్టుబట్టి అమలు చేయించుకోవడం ఇక్కడ కష్టం. మూడు నెలల ముందు చెప్తానని యజమాని అందులో రాసిచ్చినా, మళ్లీ 15 రోజుల లెక్కకే వచ్చి పడొచ్చు.

అలాగని ఆ కాగితం చిత్తు కాగితమేమీ కాదు. మీరు దొంగతనంగా దూరినవాళ్లు కాదని, బాడుగ కట్టి ఉంటున్నారని చూపించడానికి అది పనికొస్తుంది. ముగ్గురు నలుగురు కలిసి కొన్నేళ్లు ఉండే ఇల్లయితే, ఖర్చు పంచుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. ఒక్క గది కోసం అంత వద్దనుకుంటే, కనీసం ఒక తెల్ల కాగితం మీద బాడుగ, అడ్వాన్స్, చేరిన తేదీ, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్స్‌లో ఏం పట్టుకుంటారు అన్న అయిదు సంగతులు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కోర్టు దాకా పోకుండానే చాలా గొడవలు ఆ అయిదు లైన్ల దగ్గర ఆగిపోతాయి. రాసిచ్చిన మాటను కాదనడానికి పెద్దమనిషి ఎవరైనా మొహమాటపడతాడు.

ఇక మనకు బాగా చేతనైన పని ఒకటుంది. బాడుగ నగదుగా ఇవ్వకండి. యూపీఐలో పంపి, నోట్ దగ్గర "జూన్ బాడుగ, మిద్దె మీద గది" అని రాయండి. అడ్వాన్స్ పంపేటప్పుడు "అడ్వాన్స్" అనే రాయండి. నగదే కావాలంటే రసీదు అడగండి, అది కూడా ఇవ్వకపోతే "అన్నా, ఈ నెల బాడుగ ఇప్పుడే చేతికిచ్చినాను" అని వాట్సాప్ పెట్టండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపులు వీడియో తీయండి. పోయే రోజు "సున్నానికి ఇంత, తలుపుకు ఇంత" అని అడ్వాన్స్ కోసేటప్పుడు ఆ వీడియో మీ తరఫున మాట్లాడుతుంది.

ఇవి సాక్ష్యంగా చెల్లుతాయా? చెల్లుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుల గురించే. వాటితో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు హాష్ సంగతి తెలుసు. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర అది. అందుకే స్క్రీన్‌షాట్ తీసుకుని అసలు మెసేజ్ డిలీట్ చేయకండి. ఫోన్ మార్చినా పాత చాట్ బ్యాకప్ దాచుకోండి.

చెప్పిన రోజు ఏం చేయాలి?

మొదట, గొంతు పెంచకండి. "సరే" అనీ అనకండి. "ఆలోచించుకుని చెప్తానన్నా, మీరు ఎప్పటికి కావాలో ఒక మెసేజ్ పెట్టండి" అనండి. మెసేజ్ రాకపోతే మీరే పెట్టండి. "ఈ రోజు మీరు వచ్చి ఈ నెలాఖరికి ఖాళీ చేయమన్నారు. నాకు ఫలానా తేదీన పరీక్ష ఉంది. రాతపూర్వక నోటీసు ఇస్తే అందిన రోజు నుంచి 15 రోజుల్లో చూసుకుంటాను. అడ్వాన్స్ ఖాళీ చేసే రోజే ఇవ్వగలరు." ఇంతే. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. తేదీలు మాత్రం ఉన్నాయి.

రెండోది, బాడుగ ఆపకండి. "అడ్వాన్స్‌లో పట్టుకో అన్నా" అనడం మన ఊర్లలో మామూలే. ఆయన ఒప్పుకున్నట్టు రాతలో లేకపోతే, బాడుగ కట్టలేదన్న మాట మీ మీదే పడుతుంది. ఆయన తీసుకోనంటే మనియార్డరు పంపండి, తిరిగొచ్చిన కాగితం దాచుకోండి.

మూడోది, నీళ్లు, కరెంటు ఆపితే ఫొటో తీసి తేదీతో మెసేజ్ పెట్టండి. కరెంటు ఫిర్యాదుకు 1912 ఉంది. బెదిరించినా, కొట్టినా, సామాను పాడు చేసినా అది ఇంటి తగాదా కాదు, నేరం. 112కు ఫోన్ చేయండి, స్టేషన్‌లో ఫిర్యాదు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మ్యాటర్ అప్పా" అని అక్కడెవరైనా అంటే, "సివిల్ మ్యాటరే సార్, అందుకే కోర్టు ఆర్డరు లేకుండా తాళం వేయొద్దని చెప్పండి" అనండి.

నాలుగోది, ఉచిత న్యాయ సహాయం. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. సంపాదన లేని విద్యార్థులు అడగడానికి సంకోచించక్కర్లేదు. మీ ఊరి కోర్టు ప్రాంగణంలో మండల న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీ బాడుగకు ఏ చట్టం వర్తిస్తుందన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంటాయన కూడా మనిషే

ఇదంతా చదివి ఇంటి యజమానులందరూ రాక్షసులని అనుకోవద్దు. మన ఊర్లలో చాలామందికి ఆ మిద్దె మీద గదే పెన్షన్. ఆయన కూతురు నిజంగానే కాన్పుకు వస్తుండొచ్చు. నెలల తరబడి బాడుగ ఎగ్గొట్టి, తాళం వేసుకుని మాయమైన కుర్రాళ్ల వల్ల నష్టపోయినవాళ్లూ ఉన్నారు. దావా వేస్తే ఏళ్లు పడుతుందన్న భయంతోనే వాళ్లు కాగితం రాయడానికి వెనకాడతారు. కాబట్టి కోర్టు ఆలస్యాన్ని అడ్డం పెట్టుకుని ఉచితంగా కూర్చోమని నేను చెప్పడం లేదు. అట్లా చేస్తే మీ తర్వాత వచ్చే జూనియర్‌కు ఆ వీధిలో రూము దొరకదు. నోటీసు అందితే గడువులోగా పోవడమే మర్యాద. ఆ గడువు అడగడం కూడా మర్యాదే.

"చిన్న ఊరు, ఇన్ని లెక్కలు అడిగితే అసలు రూమే ఇవ్వరు" అని ఒక అభ్యంతరం ఉంది. నిజమే, కొందరు ఇవ్వరు. బ్యాచిలర్లంటేనే మొహం చిట్లించే వీధులున్నాయి. ఒక్కరు అడిగితే అది అతితెలివిలా కనిపిస్తుంది. కాలేజీ బయట రూముల్లో ఉండేవాళ్లందరూ అదే అయిదు లైన్ల కాగితం అడిగితే అది ఆనవాయితీ అవుతుంది. మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ కాగితం నమూనా ఒకటి తయారుచేసి పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. బాడుగతో పాటు ఒక ఫొటోస్టాట్ ఆధార్ ఇవ్వడం నిన్నమొన్నటిదాకా ఆనవాయితీ కాదు. ఇప్పుడు ఎవరూ వింతగా చూడటం లేదు. అడుగుతూ పోతే ఇదీ అలవాటవుతుంది.

రేపు మీరు బెంగళూరుకో, హైదరాబాద్‌కో, చెన్నైకో పోతారు. అక్కడ అడ్వాన్స్ ఇంకా పెద్దది, యజమాని ఇంకా తెలియనివాడు, భాష కూడా వేరు కావొచ్చు. రాసుకుని సంతకం పెట్టించుకోవడం, తేదీతో మెసేజ్ పెట్టడం, గొంతు పెంచకుండా గడువు అడగడం ఇక్కడ, మీ మాట అర్థమయ్యే ఊరిలో నేర్చుకోండి. ఇదే నైపుణ్యం జీతం మాట్లాడుకునేటప్పుడు, నోటీస్ పీరియడ్ బేరమాడేటప్పుడు కూడా పనికొస్తుంది.

ఈ నెల బాడుగ కట్టేటప్పుడు ఇంటాయనకు ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. "అన్నా, బాడుగ పంపినాను. ఎప్పుడైనా ఖాళీ చేయాల్సొస్తే ఒక నెల ముందు చెప్తారు కదా?" ఆయన "సరేలేప్పా" అని జవాబిస్తే, మీకు మొదటి కాగితం దొరికినట్టే.